ఏరడం ఎలాగో చెప్పిన అయ్యోరు

మా ఊరు రాయదుర్గం అనగానే కాలేజీలో సగం మంది అడిగేది ఒకటే, మెట్రో స్టేషన్ దగ్గరా అని. కాదు. హైదరాబాద్ మెట్రోలో బ్లూ లైను చివర ఉండే రాయదుర్గం వేరు. అనంతపురం జిల్లాలో, బళ్ళారికి దగ్గరగా, కొండ మీద కోట, కింద జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్లు ఉండే రాయదుర్గం వేరు. ఉత్త పేరుతో వెతికితే రెండూ వస్తాయి. ముందు జిల్లా పేరు పెడితేనే మాది దొరుకుతుంది.

చిప్ డిజైన్ టూల్‌లో కూడా ఇదే తంతు. ఈసీఈలో ఉన్న నా రూమ్మేట్ మినీ ప్రాజెక్టుకి స్క్రిప్టులు రాసే పని నా మీద పడింది, సీఎస్ఈ వాడివి కదా, నీకు కోడింగ్ వచ్చు కదా అని. వాళ్ళ పని టైమింగ్ ఎనాలిసిస్. అంటే ఒక ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి బయల్దేరిన సిగ్నల్ అవతలి ఫ్లిప్‌ఫ్లాప్‌కి తర్వాతి క్లాక్ అంచు లోపల చేరుతుందా, లేదా అని చూడటం. ఆ టూల్‌తో టికిల్ అనే స్క్రిప్ట్ భాషలో మాట్లాడాలి. లోపల ఉండేవి సెల్స్, పిన్స్, నెట్స్, పోర్ట్స్, క్లాక్స్. ఒక్కో రకానికి ఒక్కో కమాండ్: గెట్ సెల్స్, గెట్ పిన్స్, గెట్ పోర్ట్స్, ఇలా. పేరు పూర్తిగా తెలీకపోతే నక్షత్రం గుర్తు పెట్టొచ్చు. కానీ ఆ నక్షత్రం దానంతట అది లోపలి బ్లాకుల్లోకి దిగదు, దిగమని హైరార్కికల్ అనే మాట విడిగా చెప్పాలి. ఇంకా సన్నగా ఏరాలంటే ఫిల్టర్ పెట్టాలి. దొరికిన గుంపుని కలెక్షన్ అంటారు. దాన్ని తీసుకెళ్ళి ఒక షరతుకి అప్పగిస్తాం.

మాకు డేటా పోర్టులకీ అడ్రస్ పోర్టులకీ అవుట్‌పుట్ డిలే పెట్టాలి. నోటితో ఎలా అనుకున్నానో ఫిల్టర్‌లో అలాగే రాసేశా: పేరు డేటాతో మొదలవ్వాలి, ఆండ్, పేరు అడ్రస్‌తో మొదలవ్వాలి. ఒకే పోర్టు పేరు రెండింటితోనూ ఎలా మొదలవుతుంది? ఒక్కటీ దొరకలేదు. టూల్ ఎర్రర్ ఇచ్చి ఆగలేదు. ఏమీ దొరకలేదని ఒక వార్నింగ్ లైను రాసి ముందుకెళ్ళిపోయింది. ఆ లైను లాగ్‌లో వందల లైన్ల మధ్య కలిసిపోయింది. షరతు ఏ పోర్టుకీ పడలేదు. రిపోర్టులో వయొలేషన్లు సున్నా. ఆ సున్నా చూసుకుని మేమిద్దరం సంబరంగా టీ తాగొచ్చాం.

రివ్యూలో సార్ ఒక్కటే అడిగారు, అవుట్‌పుట్ వైపు ఎన్ని దారులు చూసిందని. ఒక్కటీ చూడలేదు. తప్పు నాదే.

ఈ ఆండ్, ఆర్ గొడవ ఎవరు మొదలుపెట్టారా అని వెతుకుతూ ఆ రాత్రి జార్జ్ బూల్ దగ్గర ఆగాను. బూలియన్ అనే మాట చిన్నప్పట్నుంచి వింటున్నా గానీ, దాని వెనక ఒక మనిషి ఉన్నాడని ఎప్పుడూ పట్టించుకోలేదు.

బూల్ 1815 నవంబర్ 2న ఇంగ్లండ్‌లోని లింకన్ అనే ఊళ్ళో పుట్టాడు. నలుగురు పిల్లల్లో పెద్దవాడు. నాన్న జాన్ బూల్ బూట్లు కుట్టే పనివాడు. కానీ ఆయన మనసు బూట్ల మీద ఉండేది కాదు, టెలిస్కోపులు తయారుచేయడం మీద ఉండేది. వ్యాపారం ఎలా నడిచిందో ఊహించుకోవచ్చు. అమ్మ పెళ్ళికి ముందు ఒకరింట్లో పనిచేసేది. లెక్కలు నాన్న దగ్గరే మొదలయ్యాయి. లాటిన్ ఊళ్ళో పుస్తకాల షాపాయన నేర్పాడు. గ్రీకు సొంతంగా నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్ళప్పుడు ఒక గ్రీకు పద్యాన్ని ఇంగ్లీషులోకి మారిస్తే నాన్న మురిసిపోయి స్థానిక పత్రికలో వేయించాడు. వెంటనే ఒకాయన, ఆ వయసు పిల్లాడు ఇది రాయడం అసాధ్యం, ఎక్కడో కాపీ కొట్టి ఉంటాడని పత్రికకి ఎక్కాడు. ప్లేజరిజం చెక్ అప్పట్లోనూ ఉందన్నమాట.

పదహారేళ్ళకి ఇంటి భారం మీద పడింది. నాన్న వ్యాపారం మునిగింది. చదువు మానేసి డాంకాస్టర్ అనే ఊళ్ళో అసిస్టెంట్ టీచరుగా చేరాడు. ఆదివారం చర్చిలో కూడా లెక్కలు చేసుకుంటున్నాడని ఆ స్కూలువాళ్ళకి నచ్చలేదంటారు. ఏదైతేనేం, అక్కడ నిలవలేదు. ఇంకో చోట కొన్నాళ్ళు చేసి, లింకన్ తిరిగొచ్చి సొంతంగా స్కూలు పెట్టాడు. అప్పటికి ఆయన వయసు పంతొమ్మిది. నా వయసే. నేను సెమిస్టర్ ఫీజుకి నాన్నకి ఫోన్ చేసే వయసులో ఆయన స్కూలు నడిపి అమ్మానాన్నలనీ తమ్ముళ్ళనీ చెల్లెల్నీ పోషించాడు.

లెక్కల్లోకి ఎందుకు వెళ్ళాడనేదానికి ఒక తమాషా కారణం చెప్తారు. పుస్తకాలు కొనడానికి డబ్బు తక్కువ. మామూలు పుస్తకం త్వరగా అయిపోతుంది, లెక్కల పుస్తకం నెలల తరబడి నడుస్తుంది. కాబట్టి పెట్టిన డబ్బుకి లెక్కల పుస్తకమే గిట్టుబాటు. అలా ఫ్రెంచ్ భాషలో ఉన్న లక్రువా కాల్క్యులస్ పుస్తకంతో కుస్తీ పట్టాడు. అర్థంకాని చోట చెప్పేవాళ్ళు లేరు. గురువు లేకపోవడం వల్ల తన ఏళ్ళు చాలా వృథా అయ్యాయని తర్వాత ఆయనకే అనిపించింది. సెల్ఫ్ టాట్ అనేది మనం ఇప్పుడు రెజ్యూమెలో గొప్పగా రాసుకుంటాం గానీ, ఆయన దాన్ని గొప్పగా చెప్పుకోలేదు.

కేంబ్రిడ్జ్ నుంచి వచ్చే ఒక లెక్కల పత్రికకి డంకన్ గ్రెగరీ అనే కుర్ర సంపాదకుడు ఉండేవాడు. బూల్ రాసి పంపినవి సరిచేసి, వేసి, దారి చూపించింది ఆయనే. కేంబ్రిడ్జ్‌కి వెళ్ళి చదువుదామని బూల్ ఆలోచించాడు కూడా. వెళ్తే స్కూలు మూయాలి, స్కూలు మూస్తే ఇల్లు గడవదు. వెళ్ళలేదు. 1844లో రాయల్ సొసైటీ ఆయన పేపరుకి రాయల్ మెడల్ ఇచ్చింది. డిగ్రీ లేని ఒక స్కూలు అయ్యోరికి.

ఇప్పుడు అసలు విషయం. 1847లో బూల్ తర్కం మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. డిజిటల్ లాజిక్ క్లాసులో మనకి బూల్ అంటే ట్రూ, ఫాల్స్, గేట్లు. ఆ పుస్తకం మొదలయ్యేది అక్కడ కాదు, ఏరడంతో. లోకంలో ఉన్నవన్నీ ఒక కుప్ప అనుకోండి. ఆ కుప్పకి ఆయన గుర్తు 1. ఆ తర్వాత వచ్చే అక్షరం ఒక వస్తువుకి పేరు కాదు, ఒక పనికి పేరు: కుప్పలోంచి ఒక రకాన్ని ఏరే పని. వాటికి ఎలెక్టివ్ సింబల్స్ అని పేరు పెట్టాడు. మనం ఐదో సెమిస్టర్‌లో ఎంచుకునే ఎలెక్టివ్ ఉంది చూడండి, అదే మాట. గెట్ పోర్ట్స్ అని కొట్టి పక్కన ఫిల్టర్ పెట్టినప్పుడు మనం చేసేది అచ్చంగా ఇదే. ఇది చదివినప్పుడు నేను కాసేపు ల్యాప్‌టాప్ మూసి కూర్చున్నా.

మా ఊరి లెక్కలో చెప్తా. షెడ్డులో ప్యాంట్ల కుప్ప ఉంది. క అంటే నీలంవి ఏరు. చ అంటే 32 నడుమువి ఏరు. ముందు నీలంవి ఏరి అందులో 32వి ఏరినా, ముందు 32వి ఏరి అందులో నీలంవి ఏరినా చివరికి చేతికొచ్చేది ఒకటే గుంపు. కాబట్టి కచ, చక రెండూ సమానం. మామూలు గుణకారంలాగే ఉంది కదా. కానీ వెంటనే ఒక తేడా వస్తుంది. శెనక్కాయల్ని జల్లెడ పట్టామనుకోండి. పైన నిలిచిన వాటిని అదే జల్లెడలో ఇంకోసారి పడితే కొత్తగా రాలేది ఏమీ లేదు. నీలంవాటిలో నీలంవి ఏరితే అవే నీలంవి. అంటే కక అన్నా క అన్నా ఒకటే. మామూలు అంకెల్లో తనతో తనని గుణిస్తే తనే వచ్చేవి రెండే రెండు, 0, 1. మనం చెప్పుకునే సున్నా ఒకట్ల ప్రపంచం మొత్తం ఈ చిన్న సంగతిలోంచే వచ్చింది.

నీలం కానివి కావాలంటే 1లోంచి క తీసేయడమే. నీలంవాటిలో నీలం కానివాటిని ఏరితే 0. ఆయన లెక్కలో 0 అంటే ఒక్కటీ లేని గుంపు, మా రూమ్మేట్ ప్రాజెక్టులో వచ్చిన ఖాళీ కలెక్షన్. బూల్ దాన్ని తప్పుగా చూడలేదు, దాన్నీ ఒక గుంపుగానే లెక్కలో ఉంచాడు. టూల్ ఎర్రర్ ఇవ్వకుండా ముందుకెళ్ళడం కూడా ఆ పద్ధతే. అన్నీ అనే మాటని ఆయన ఎలా రాశాడో చూస్తే నాకు ఇంకా మంట పుట్టింది. అవుట్‌పుట్ పోర్టులన్నీ టైముకి అందుకున్నాయి అనాలంటే, అవుట్‌పుట్ పోర్టుల్లోంచి టైముకి అందుకోనివాటిని ఏరితే 0 రావాలి. సరే, అసలు పోర్టుల గుంపే ఖాళీ అయితే? అప్పుడూ 0నే. అన్నీ పాస్. పాత తర్కంలో అన్నీ అంటే కనీసం ఒకటైనా ఉందని మాట్లాడకుండానే ఒప్పుకునేవాళ్ళు. బూల్ రాతలో ఆ ఒప్పందం పోయింది. కొన్ని అని చెప్పడానికి ఆయన వేరే అక్షరం పెట్టి చాలా తంటాలు పడ్డాడు, అది సరిగ్గా కుదరలేదని తర్వాతివాళ్ళు తేల్చారు. మా స్క్రిప్టులో ఇప్పుడు ప్రతి గెట్ కమాండ్ కింద, కలెక్షన్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి 0 అయితే అక్కడే ఆపేసే లైను ఒకటి పెట్టాం.

ఇదే పుస్తకం వచ్చిన రోజుల్లోనే ఆగస్టస్ డి మోర్గన్ కూడా తర్కం మీద పుస్తకం వేశాడు. డి మోర్గన్ నియమాలు అందరం బట్టీ పట్టాం. ఆయన పుట్టింది మన మధురైలో, 1806లో. ఇద్దరూ పోటీ పడే బదులు స్నేహితులయ్యారు, ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసుకున్నారు. ఐర్లండ్‌లో కొత్తగా పెడుతున్న క్వీన్స్ కాలేజీల్లో ప్రొఫెసర్ పోస్టుకి బూల్ అప్లై చేస్తే సిఫారసు రాసినవాళ్ళలో డి మోర్గన్ ఒకడు. 1849లో కార్క్ కాలేజీలో మొదటి లెక్కల ప్రొఫెసర్‌గా బూల్‌కి ఉద్యోగం వచ్చింది. వాళ్ళ నాన్న అది చూడలేదు, ముందు ఏడాది డిసెంబర్‌లో పోయాడు.

ఆయన అడుగుపెట్టినప్పటికి ఐర్లండ్ కరువులో ఉంది. 1845 నుంచి ఆలుగడ్డ పంటకి తెగులు. దాదాపు పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకన్నా ఎక్కువమంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. కార్క్ చుట్టుపక్కల పల్లెలు బాగా దెబ్బతిన్నాయి. ఒక పంటనే నమ్ముకున్న నేల, అది పోతే వలస. అనంతపురం వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1854లో పెద్ద పుస్తకం, లాస్ ఆఫ్ థాట్. ఏరడాన్ని ఇందులో మాటల వైపు నుంచి మళ్ళీ చూశాడు. నా తప్పు దొరికింది ఇక్కడే. షెడ్డులో మా పెద్దమ్మ నన్ను నీలంవీ నల్లవీ పక్కకి తియ్యమంటే నేను రెండు రంగులూ కలిపి ఒక కుప్ప చేస్తా. ఒకే ప్యాంటు నీలంగానూ నల్లగానూ ఉండాలని వెతకను. అదే నీలం 32వి తియ్యమంటే రెండూ కుదిరినవే తీస్తా. తెలుగులో ఆ వీ, వీ అనే సాగదీత ఉన్నచోట నిజానికి కూడిక ఉంది. ఏ సాగదీతా లేకుండా మాటలు పక్కపక్కన పెట్టినచోట గుణకారం ఉంది. ఇంగ్లీషులో ఆండ్ సంగతీ అంతే. బూల్ దీన్ని గమనించి, గుంపుల మధ్య వచ్చే ఆండ్‌నీ ఆర్‌నీ రెండింటినీ కూడిక గుర్తుతోనే రాశాడు. టూల్‌లో ఆండ్ అంటే గుణకారం. నేను నోటి ఆండ్‌ని టూల్ ఆండ్ అనుకున్నా.

కూడికలో ఆయనకి ఒక పట్టుదల ఉండేది. రెండు గుంపుల్లో ఉమ్మడిగా ఏదీ లేకపోతేనే కలపాలి. నీలంవీ 32వీ కలపాలంటే నీలం 32వి రెండుసార్లు లెక్కలోకొస్తాయి కదా, అందుకని నీలంవి, వాటికి తోడు నీలం కాని 32వి అని రాయాలి. చివరి రోజుల్లో జెవన్స్ అనే కుర్రవాడు ఉత్తరాలు రాసి, గుంపుకి అదే గుంపు కలిపితే అదే గుంపు అని ఒప్పుకోండి, లెక్క తేలికవుతుంది అని వాదించాడు. బూల్ ఒప్పుకోలేదు. మనం ఇప్పుడు క్లాసులో నేర్చుకునే ఆర్ జెవన్స్ అడిగిన రకం. కానీ బూల్ భయం వట్టిది కాదు. టైమింగ్ టూల్‌లో ఒక కలెక్షన్‌కి ఇంకోటి కలిపే కమాండ్ ఉంది. దానికి యూనీక్ అనే ఆప్షన్ ఇవ్వకపోతే రెండింట్లో ఉన్న పిన్ రెండుసార్లు ఉండిపోతుంది. 170 ఏళ్ళ తర్వాత కూడా ఆ పేచీ ఒక ఆప్షన్ రూపంలో బతికే ఉంది. నా ఓటు ఇందులో బూల్‌కే.

పెళ్ళి 1855లో అయింది. అమ్మాయి మేరీ ఎవరెస్ట్, ఆయన కన్నా పదిహేడేళ్ళ దాకా చిన్నది. మామయ్య కార్క్‌లో గ్రీకు ప్రొఫెసర్, ఆయన ఇంటికొచ్చినప్పుడు పరిచయం. ఉత్తరాల్లో లెక్కలు నేర్పుతూ నేర్పుతూ, ఆమె నాన్న చనిపోయి ఆసరా లేకుండా అయిన ఏడాది పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఇంటిపేరు చూసి ఆగారా? అవును, ఆ ఎవరెస్టే. శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్ ఆమెకి నాన్న వైపు పెదనాన్న వరస. ఇక్కడ కథ మన జిల్లాకి తిరుగుతుంది. దేశాన్ని త్రికోణాలుగా కొలిచిన లాంబ్టన్ తన ఆధార రేఖల్లో ఒకదాన్ని 1811లో మన గుత్తి దగ్గర కొలిచాడు. ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్ వచ్చి ఆ లాంబ్టన్ దగ్గరే అసిస్టెంటుగా చేరాడు. రాయదుర్గం నుంచి గుత్తికి మధ్య దూరం ఎక్కువేం కాదు. మా వైపు కొండల మీద జెండా పాతి గురిచూసిన సర్వే తర్వాత ఎవరి చేతికి వెళ్ళిందో, ఆయన తమ్ముడి కూతురు బూల్ ఇంట్లో ఉంది. భారతీయ తర్కం, ఆలోచన ఆ పెదనాన్న ద్వారా తన భర్త పని మీద పడిందని మేరీ ముసలితనంలో రాసింది. నాకు అది నమ్మబుద్ధి అవుతుంది గానీ, 1847 పుస్తకం వచ్చినప్పటికి బూల్‌కి మేరీ పరిచయమే లేదు. కాబట్టి గర్వపడే ముందు తేదీలు చూసుకోవడం మంచిది.

తొమ్మిదేళ్ళలో ఐదుగురు ఆడపిల్లలు. 1864 నవంబర్ చివర్లో ఒకరోజు ఇంటి నుంచి కాలేజీకి మూడు మైళ్ళ దారి నడుస్తుంటే జోరువాన పట్టుకుంది. క్లాసు మానలేదు. తడి బట్టలతోనే పాఠం చెప్పాడు. జలుబు, జ్వరం, ఊపిరితిత్తులకి నెమ్ము. వానలో తడిసి వచ్చిన జబ్బుకి తడే మందని మేరీ ఆయన్ని తడి దుప్పట్లలో చుట్టిందని చెప్తారు. ఆమె నాన్న హోమియోపతి పిచ్చి ఉన్నవాడు, జబ్బు తెచ్చిందే జబ్బుని పోగొడుతుందనే మాట వింటూ పెరిగింది. ఆమెని తిట్టడం తేలిక. ఆ రోజుల్లో డాక్టర్ల దగ్గర కూడా దానికి సరైన మందు లేదు. డిసెంబర్ 8న బూల్ చనిపోయాడు. 49 ఏళ్ళు. వాన కోసం మొహాలు పైకెత్తి చూసే ఊళ్ళో పుట్టినవాణ్ణి, వాన ఒక మనిషిని ఇలా తీసుకెళ్ళడం చదివితే నాకు ఏదోలా అయింది.

ఆఖరి పాపకి అప్పుడు ఏడు నెలలు. మేరీ లండన్ వెళ్ళి ఒక ఆడపిల్లల కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరి పిల్లల్ని పెంచింది. పిల్లలకి లెక్కలు ఎలా నేర్పాలో పుస్తకాలు రాసింది. మూడో కూతురు అలీషియా కాలేజీ మొహం చూడకుండానే నాలుగు కొలతల ఆకారాల్ని అట్టముక్కలతో చేసి చూపించింది. 1914లో గ్రోనింగెన్ యూనివర్సిటీ ఆమెకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. నాలుగో అమ్మాయి లూసీ కెమిస్ట్రీ చెప్పింది. ఆ ఏడు నెలల పాప ఎథెల్ పెద్దయ్యాక ద గాడ్‌ఫ్లై అనే నవల రాసింది, అది రష్యాలో లక్షల కాపీలు అమ్ముడుపోయింది.

బూల్ లెక్క చాలాకాలం తర్కం చదివేవాళ్ళ దగ్గరే ఉండిపోయింది. 1937లో ఎంఐటీలో క్లాడ్ షానన్ అనే మాస్టర్స్ స్టూడెంట్, రిలే స్విచ్చుల సర్క్యూట్లకి ఇదే లెక్క సరిపోతుందని తన థీసిస్‌లో చూపించాడు. వరసలో పెట్టిన స్విచ్చులు ఒక రకం, పక్కపక్కన పెట్టినవి ఇంకో రకం. గేట్లు అక్కడి నుంచి. కాబట్టి మా రూమ్మేట్ చిప్‌లో ఉన్న గేట్లూ బూల్‌వే, ఆ గేట్లలోంచి నాకు కావలసిన పోర్టుల్ని ఏరే ఫిల్టరూ బూల్‌దే. ఇందులో రెండోదే ఆయన మొదట అనుకున్నది.

పెద్ద కూతురు మేరీ ఎలెన్ పెళ్ళి చేసుకున్నది చార్ల్స్ హింటన్‌ని, నాలుగో కొలత మీద పుస్తకాలు రాసినాయన. ఆ వంశంలో బూల్‌కి మునిమనవడి కొడుకు ఒకాయన న్యూరల్ నెట్‌వర్క్‌ల మీద పనిచేసి 2024లో ఫిజిక్స్ నోబెల్ తీసుకున్నాడు. ఆయన పూర్తి పేరు జెఫ్రీ ఎవరెస్ట్ హింటన్.